ఓడిపోయే జట్టు టోపీ

మాస్టారిని అడగండి
(బరంపురం నుంచి, రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. మా పెద్దబ్బాయి కుటుంబం షికాగోలో ఉంటుంది. ఈ కార్తీకంలో మా చిన్నమ్మాయి పెళ్ళికని అందరూ వచ్చారు. మనవడికి పదకొండేళ్ళు. వాడు నిద్రలో కూడా తీయని నల్ల టోపీ ఒకటుంది, అక్కడి వైట్ సాక్స్ అనే బేస్‌బాల్ జట్టుది. పెళ్ళికొచ్చిన పిల్లలు ఫోన్లో వెతికి, ఆ జట్టు 2024లో 121 మ్యాచ్‌లు ఓడిందని కనిపెట్టారు. ఇక రెండు రోజులు వాడి వెంటపడి "హారిగలా, హారిగలా" అని (ఒడియాలో ఓడిపోయింది అని) ఒకటే గోల. వాడు ఏడ్చి, టోపీ తెచ్చి నా ట్రంకు పెట్టెలో పడేసి, అలాగే విమానం ఎక్కేశాడు. ఇప్పుడు ఫోన్ చేసినా ఆ ఊసెత్తడు. జీతాలు తీసుకుని ఆడేవాళ్ళు అన్ని ఆటలు ఎలా ఓడతారు? షికాగోలోనే ఇంకో జట్టు కూడా ఉందట కదా, దానికి మారిపొమ్మని చెప్పనా?
(ఒక నాయనమ్మ, పర్లాకిమిడి)

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ టోపీని ట్రంకు పెట్టెలోంచి బయటికి తీయండి. కలరా ఉండల వాసన పట్టిందంటే ఓ పట్టాన వదలదు. దులిపి, నీడన కాసేపు ఆరేసి, వీడియో కాల్ చేసినప్పుడు మీ వెనకాల కనిపించేలా మేకుకి తగిలించండి. మీరేమీ అనక్కర్లేదు, వాడే చూస్తాడు.

జట్టు మార్చుకోమని మాత్రం చెప్పొద్దు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే మీరడిగిన మొదటి ప్రశ్నకి జవాబు కావాలి. అది కాస్త పొడుగు. ఓపిక పట్టండి, ఎందుకంటే ఆ సీజన్ నేను పక్కనుండి చూసినవాణ్ణి.

2024 జూన్‌లో నేనూ మా ఆవిడా అమ్మాయి దగ్గరికి వెళ్ళి నాలుగు నెలలు ఉన్నాం. వాళ్ళుండేది షికాగో శివార్లలో. మా అల్లుడు వైట్ సాక్స్ అంటే ప్రాణం పెడతాడు. ఆఫీసు నుంచి రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని టీవీ ముందు కూర్చునేవాడు, నేనూ పక్కన చేరేవాణ్ణి. 31 ఏళ్ళు పిల్లలచేత ఆటలాడించిన చెయ్యి కదా, ఏ ఆటైనా రెండు రోజులు చూస్తే దాని గుట్టు నాకు తెలిసిపోతుంది. బేస్‌బాల్‌కి వారం పట్టింది. జట్టుకి తొమ్మిది మంది. ఒకడు బంతి విసురుతాడు, అవతలి జట్టువాడు దుడ్డుకర్రలాంటి బ్యాటుతో కొడతాడు. కొట్టి, మూడు మూలలూ చుట్టి మళ్ళీ బయల్దేరిన చోటికి చేరితే ఒక రన్ను. ముగ్గురు ఔటైతే వంతు మారుతుంది. ఇద్దరికీ తొమ్మిదేసి వంతులు. అప్పటికీ సమానంగా ఉంటే తేలేదాకా ఆడాల్సిందే. బిళ్ళంగోడు ఆడినవాళ్ళకి ఇందులో సగం వచ్చినట్టే.

అసలు తేడా అంతా లెక్కలో ఉంది. ఐపీఎల్ లీగులో ఒక జట్టు ఆడేది 14 మ్యాచ్‌లు. వీళ్ళు ఆడేది 162. మార్చి నెలాఖరులో మొదలుపెడితే సెప్టెంబరు నెలాఖరు దాకా దాదాపు రోజూ మ్యాచే. రోజూ ఆడేవాడు రోజూ గెలవడం ఎవరివల్లా కాదు. 2024లో ఛాంపియన్ అయిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ లీగులో 98 గెలిచి 64 ఓడారు. బ్యాటు పట్టినవాడు పదిసార్లలో మూడుసార్లు కొడితే వాణ్ణి గొప్ప ఆటగాడంటారు. మీ మనవడికి ఈ సంగతులన్నీ తెలుసు. ఏడిపించిన పిల్లలకే తెలియదు. వాళ్ళు 121 అనే అంకె చూసి నవ్వారు, దాని పక్కన 162 ఉందని చూడలేదు.

అయినా ఓడడానికీ ఒక హద్దుంటుంది కదా. ఎంత బలహీనమైన జట్టయినా మామూలుగా 55, 60 గెలుస్తుంది. వైట్ సాక్స్ గెలిచింది 41. బేస్‌బాల్‌లో 1900 నుంచి ఈనాటి దాకా ఒక సీజన్‌లో 121 ఓడినవాళ్ళు ఇంకొకరు లేరు. అంతకుముందు రికార్డు 1962 నాటి న్యూయార్క్ మెట్స్‌ది, 120. మార్చి 28న మొదటి మ్యాచ్‌లోనే సొంత గ్రౌండులో డెట్రాయిట్ చేతిలో 1-0తో ఓడారు. మొదటి 25 మ్యాచ్‌ల్లో గెలిచింది మూడే. మే నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా వరసగా 14 ఓటములు. నేను వెళ్ళింది అప్పుడే. ఇంతకంటే ఏం దిగజారుతారులే అనుకున్నాను. జూలై 10న మొదలుపెట్టి ఆగస్టు 5 దాకా వరసగా 21 ఓడారు. ఆగస్టు 6న ఓక్లండ్‌లో 5-1తో గెలిచినప్పుడు మా అల్లుడు సోఫాలోంచి లేవలేదు, చప్పట్లు కొట్టలేదు, అలా కూర్చుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎల్లుండికల్లా మేనేజర్ (మన కోచ్ లాంటివాడు) పెద్రో గ్రిఫోల్‌ని తీసేశారు.

ఇప్పుడు మీ ప్రశ్న. ఎలా ఓడారు?

ఈ జట్టు ఎప్పుడూ ఇలాంటిది కాదు. 2005లో ఛాంపియన్లు, అదీ 88 ఏళ్ళ తర్వాత. 2021లో 93 గెలిచి తమ డివిజన్‌లో (లీగులో ఐదు జట్ల గుంపు) మొదట నిలిచారు. 2022లో 81 గెలిచి 81 ఓడారు. 2023లో 101 ఓడారు. ఆ ఏడాదే పేరున్న ఆటగాళ్ళని ఒక్కొక్కరినే వేరే జట్లకి ఇచ్చేయడం మొదలుపెట్టారు, పాత మేనేజ్‌మెంట్‌ని పంపేశారు. 2024 సీజన్ ఇంకో రెండు వారాల్లో మొదలవుతుందనగా తమ ముఖ్యమైన బౌలర్ (అక్కడ పిచర్ అంటారు) డిలన్ సీస్‌ని శాన్ డియేగోకి ఇచ్చేశారు. మిగిలినవాళ్ళలో నమ్ముకున్న ముగ్గురు బ్యాటర్లు, లూయిస్ రాబర్ట్, ఎలోయ్ హిమెనెస్, యోవాన్ మోంకాదా, ఏప్రిల్ మధ్యకి రాకుండానే గాయాలతో పక్కన కూర్చున్నారు. వాళ్ళ బదులు దిగిన కుర్రాళ్ళు ఇంకా కింది స్థాయి ఆటలో ఉండాల్సినవాళ్ళు. సీజన్ మొత్తం మీద ఆ జట్టు చేసింది 507 రన్నులు, ఇచ్చింది 813. గెలుపు చేతికొచ్చిన మ్యాచ్‌లు కూడా చివరి వంతుల్లో బంతి విసిరేవాళ్ళు నిలబడలేక జారిపోయేవి. నేను టీవీలో చూసినవాటిలో నాకు బాగా బాధ వేసింది అవే.

జీతాలంటారా, ఆ ఏడాది కనీస జీతమే 7,40,000 డాలర్లు. మన లెక్కలో కోట్లు. అంత తీసుకుని ఓడడమేమిటని మీకు అనిపించడంలో తప్పు లేదు. కానీ పాతికేళ్ళ కుర్రాడికి జీతం ఎంతిచ్చినా వాడు విసరగలిగినంత వేగంగానే విసురుతాడు. వాణ్ణి ఆ స్థాయికి తగినప్పుడు తెచ్చారా, తగకముందే తెచ్చారా అన్నది వాడి చేతిలో లేదు. ఇంటికి తగినంత కట్టెలు కొనకుండా వంట కాలేదని వంటమనిషిని తిడితే ఎలా? అక్కడి జనానికి ఈ తేడా తెలుసు. స్టేడియంలో వాళ్ళు అరిచింది ఆటగాళ్ళ మీద కాదు. 1981 నుంచి జట్టుకి పెద్ద యజమానిగా ఉన్న జెర్రీ రైన్స్‌డార్ఫ్‌ని ఉద్దేశించి "జట్టు అమ్మెయ్" అని అరిచారు.

ఆ 21 ఓటముల్లో ఒకటి నేను స్టేడియంలో కూర్చుని చూశాను. జూలై నెలాఖరు, సియాటిల్ జట్టుతో. రెడ్ లైన్ రైలెక్కి 35వ వీధి స్టేషన్‌లో దిగితే ఎదురుగా గ్రౌండు. పైన ఆకుపచ్చ కుర్చీలు వరసలకి వరసలు ఖాళీ. ఎండ మన వైశాఖం ఎండలా కొడుతోంది. మా ముందు వరసలో ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుంది, మా ఆవిడ కంటే పెద్దదే ఉంటుంది. ఒడిలో అట్ట, దాని మీద గళ్ళ కాగితం, చేతిలో బెత్తెడు పెన్సిలు. ప్రతి బంతికీ తల ఎత్తడం, ప్రతి ఔటుకీ తల దించి రాయడం. ఆటలు ఆడించినవాణ్ణి, స్కోరు కాగితం కనిపిస్తే ఊరుకోలేను. మెడ చాచి చూశాను. బ్యాటరు మూడు బంతులు తప్పితే గడిలో ఇంగ్లీషు కె అక్షరం రాస్తోంది. ఒక్కోసారి అదే అక్షరాన్ని తిరగేసి రాస్తోంది. మా అమ్మాయిచేత అడిగించాను. బ్యాటు ఊపి తప్పితే మామూలు కె, ఊపకుండా నిలబడి చూస్తూ ఔటైతే తిరగేసిన కె అట. ఓడిపోతున్న మ్యాచ్‌లో, అదీ అన్నేసి మ్యాచ్‌లు ఓడుతున్న ఏడాదిలో, కుర్రాడు ప్రయత్నించి ఔటయ్యాడా, ప్రయత్నించకుండా ఔటయ్యాడా అన్న తేడా కాగితం మీద పడాలని ఆవిడ పట్టుదల.

ఏడో వంతు మధ్యలో అలవాటు ప్రకారం జనమంతా లేచి నిలబడి పాట పాడారు. ఆవిడ కూడా పెన్సిలు చెవిలో దోపుకుని లేచి పాడింది. ఆట అయిపోయింది, మళ్ళీ ఓడారు. సగం జనం అంతకుముందే వెళ్ళిపోయారు. ఆవిడ చివరి ఔటు రాసి, తేదీ వేసి, రన్నులు కూడి, కాగితాన్ని రెండు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. కోపం లేదు, విసుగు లేదు. మన ఇళ్ళలో పాలవాడి లెక్క రాసుకున్నంత మామూలుగా రాసుకుంది.

చెల్లెమ్మా, మీ మనవడి టోపీ గురించి చదవగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. దీన్ని మీరు వాడికి చెప్పాలి, తెలిసే ఉంటుంది గానీ మీ నోట వినాలి. సెప్టెంబరు 22న శాన్ డియేగోలో 120వ మ్యాచ్ ఓడారు. పాత రికార్డుతో సమానం అయిపోయింది. తర్వాతి మూడు మ్యాచ్‌లు సొంత ఊళ్ళో, లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్‌తో. 121వ ఓటమి చూద్దామని టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మొదటి రోజు ఎనిమిదో వంతు దాకా వెనకబడి ఉండి, ఆ వంతులో మూడు రన్నులు చేసి 3-2తో గెలిచారు. మర్నాడూ గెలిచారు, ఆ మర్నాడూ గెలిచారు. తర్వాత సెప్టెంబరు 27న డెట్రాయిట్‌లో 4-1తో ఓడడంతో చెడ్డపేరు ఖాయమైపోయింది. అదే రాత్రి డెట్రాయిట్ జట్టు పదేళ్ళ తర్వాత ప్లేఆఫ్స్‌కి చేరిన సంబరాల్లో ఉంది. ఇంకా రెండు మ్యాచ్‌లు మిగిలాయి. ఆ రెండూ గెలిచినా రికార్డు చెరగదు, ఓడినా కొత్తగా పోయే పరువు లేదు. ఆ రెండూ గెలిచారు. చివరి ఆరింటిలో ఐదు గెలిచారు. 41లో ఆ చివరి రెండే నాకు అన్నిటికంటే పెద్దవి. అవి ఎవరికోసం ఆడారు చెప్పండి!

నా సర్వీసులో ఇలాంటి ఏడాది ఒకటుంది. అప్పుడు గోపాల్‌పూర్ దారిలో ఒక హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. 1993. మా వాలీబాల్ పిల్లలు ఆ ఏడాది ఆడిన ప్రతి మ్యాచూ ఓడారు. ముందటేడు బాగా ఆడిన నలుగురు పదో తరగతి పాసై వెళ్ళిపోయారు, పైగా నెట్టు చిరిగిపోతే కొత్తది కొనే దిక్కు లేదు. నేను ఇవేవీ ఆలోచించలేదు. ఆరో మ్యాచ్ ఓడిన మర్నాడు ప్రార్థన దగ్గర, బడి అంతా వింటుండగా, వాళ్ళని లేపి నిలబెట్టి తిట్టాను. ఆ రోజు నుంచి ఒక కుర్రాడు రావడం మానేశాడు. నోళియాల (జాలరుల) పిల్లాడు, సముద్రం ఒడ్డున ఇల్లు. పొడుగ్గా ఉండేవాడు, నెట్టు దగ్గర వాడే దిక్కు.

మూడో రోజు పొద్దున్నే సైకిల్ వేసుకుని వెళ్ళాను. వాడూ వాళ్ళ నాన్నా ఒడ్డునే ఉన్నారు. తెప్ప అప్పుడే వచ్చింది. వేట పడలేదు. వలలో నాచూ, నాలుగు పీతలూ తప్ప ఏమీ లేవు. నేను ఎవరో ఒకరు ఎవరినో తిడతారని చూస్తూ నిలబడ్డాను. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. వలని ఉప్పునీళ్ళలో జాడించారు, ఇసక మీద పరిచారు, తండ్రి ఒక కొసన, కొడుకు ఒక కొసన కూర్చుని చిరుగులు వెతుక్కుంటూ వచ్చారు. మళ్ళీ రాత్రికి వెళ్ళాలి కదా. నేను చెప్పాలనుకున్నదేదీ చెప్పలేకపోయాను. "రేపు ప్రాక్టీసుకి రారా" అని మాత్రం అని వచ్చేశాను.

మర్నాడు వచ్చాడు. వల అల్లే సూది, నైలాన్ దారం తెచ్చుకున్నాడు. ఆట మొదలుపెట్టకముందే మా నెట్టు కింద కూర్చుని రెండు గంటలు దాన్ని బాగుచేశాడు. ఆ ముడులు నేను రిటైరయ్యేదాకా ఊడలేదు. తర్వాత ఇంకో ఐదు మ్యాచ్‌లు ఓడాం. కాకపోతే చివరిది ఛత్రపురంలో, అందులో ఒక సెట్టు గెలిచాం, 15-13. అప్పట్లో సెట్టుకి పదిహేనే. ఆ ఒక్క సెట్టుకి ఆ పిల్లలు బస్సులో బరంపురం దాకా పాడుతూనే వచ్చారు. తిట్టినందుకు నేను వాళ్ళకి క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, వాళ్ళలో ఎవరైనా ఈ పత్రిక చదివితే చూస్తారు.

ఇక ఏడిపించిన పిల్లల సంగతి. వాళ్ళలో సగం మంది హైదరాబాద్ జట్టు జెర్సీలు వేసుకునేవాళ్ళే అయి ఉంటారు. 2008లో మొదటి ఐపీఎల్‌లో మన డెక్కన్ ఛార్జర్స్ ఏం చేసిందో వాళ్ళ నాన్నలని అడగమనండి. 14 మ్యాచ్‌లాడి గెలిచింది రెండు, అందరికంటే అడుగున. వందకి లెక్కేస్తే 14 చిల్లర. వైట్ సాక్స్‌కి వందకి 25 వచ్చాయి. ఆ డెక్కన్ ఛార్జర్సే మరుసటి ఏడాది, 2009లో, దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. మెట్స్ సంగతీ అంతే. 1962లో కొత్తగా పుట్టిన జట్టు, మిగతావాళ్ళు వద్దనుకున్నవాళ్ళని ఏరి కూర్చింది. 120 ఓడినా ఆ ఏడాది 9,20,000 మందికి పైగా వచ్చి చూశారు. ఏడేళ్ళకి, 1969లో, ఛాంపియన్లు.

1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ సీజన్ మొదట్లోనే వరసగా 21 ఓడారు. అప్పటికి ఒకటి గెలిచి 23 ఓడి సొంత ఊరికి తిరిగొస్తే, ఆ రాత్రి స్టేడియానికి 50,402 మంది వచ్చారు. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ రాత్రి 9-4తో గెలిచారు కూడా.

అక్కడి ఇంకో జట్టు, కబ్స్, దానికి మారమంటారా? ఆ జట్టు 1908లో గెలిచి మళ్ళీ 2016లో గెలిచింది. మధ్యలో 108 ఏళ్ళు. తాతలు, తండ్రులు చూడకుండానే పోయారు. ఓటమికి భయపడి అటు వెళ్ళినా దొరికేది అదే. అన్నట్టు, 2025 మేలో ఎన్నికైన పోప్ 14వ లియో షికాగోవాడే, ఆయన వైట్ సాక్స్ అభిమాని. 2005 ఫైనల్స్ మొదటి మ్యాచ్‌కి స్టేడియంలో కూర్చున్నాడు. టోపీ పెట్టుకోవడానికి మీ మనవడికి తోడు చిన్నదేం కాదు.

2025లో వాళ్ళు 60 గెలిచి 102 ఓడారు. ముందటేటి కంటే 19 ఎక్కువ గెలిచారు. ఆ ఏడాదీ తమ డివిజన్‌లో అడుగునే ఉన్నారు, అదీ నిజమే. వచ్చే ఏడాది గెలుస్తారని వాడికి మాటివ్వకండి, మనకి తెలియదు. ఓ పని చేయండి. మార్చి నెలాఖరులో కొత్త సీజన్ మొదలవుతుంది. స్కోరు రాయడం నేర్పమని వాణ్ణి అడగండి. గళ్ళ నోటుపుస్తకం ఒకటి కొనుక్కోండి. మేనెలలో అక్కడ సాయంత్రం 6:40కి మొదలయ్యే మ్యాచ్ మనకి తెల్లవారి 5:10కి. కళ్ళాపి చల్లి ముగ్గేసే వేళకి మీరెలాగూ లేచే ఉంటారు. ఫోన్లో వాడు చెప్తుంటే మీరు రాయండి. తిరగేసిన కె ఎలా రాయాలో వాడే చూపిస్తాడు.

*

ప్రశ్న: సార్, నేను రాయగడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఫుట్‌బాల్‌లో అడుగున ఉన్న జట్టుని కింది లీగ్‌కి తోసేస్తారు. బేస్‌బాల్‌లో అలా లేదట. పైగా అడుగున ఉన్నవాళ్ళకే మంచి కుర్రాళ్ళని ముందు ఇస్తారట. అంటే కావాలని ఓడేవాళ్ళు ఉండరా?
(ఒక విద్యార్థి, రాయగడ)

జవాబు: మంచి ప్రశ్న నాయనా. అక్కడ 30 జట్లు, ఆ ముప్పైయే ఎప్పుడూ ఉంటాయి. ఎంత ఓడినా కిందికి దిగడం లేదు. ప్రతి ఏడూ కొత్త కుర్రాళ్ళని పంచుకునే డ్రాఫ్ట్‌లో ఓడినవాళ్ళకి ముందు వంతు అన్నది బలాలు సమానం చేయడానికి పెట్టుకున్న పద్ధతి. దాన్ని అడ్డం పెట్టుకుని ఆఫీసులో కూర్చున్నవాళ్ళు "ఈ రెండు మూడేళ్ళు ఓడినా ఫర్వాలేదు" అని ఖర్చు తగ్గించి, పెద్ద ఆటగాళ్ళని పంపేసిన సందర్భాలున్నాయి. హ్యూస్టన్ జట్టు 2011 నుంచి వరసగా మూడేళ్ళు 106, 107, 111 ఓడి, 2017లో ఛాంపియన్ అయింది. ఏ బంతి వేయాలో చెప్పుకునే అవతలివాళ్ళ సైగలని కెమెరాతో దొంగతనంగా పట్టారని తర్వాత తేలి ఆ గెలుపు మీద మచ్చ పడింది, అది వేరే కథ.

గ్రౌండులో దిగినవాడు మాత్రం కావాలని ఓడడు. వాడి తర్వాతి కాంట్రాక్టు వాడి అంకెల మీదే ఆధారపడి ఉంటుంది. అదే 2024 వైట్ సాక్స్‌లో గారెట్ క్రోషే అనే కుర్రాడు 146 వంతులు బంతి విసిరి 209 మందిని కె చేశాడు, ఆల్‌స్టార్ (ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జట్టు) అయ్యాడు. అతని ఖాతాలో గెలుపులు ఆరు, ఓటములు పన్నెండు. ఆ డిసెంబరులో అతన్నీ బోస్టన్‌కి ఇచ్చేశారు.

ఈ మధ్య రూలు మార్చారు. ఇప్పుడు ముందు వరస వంతులకి లాటరీ తీస్తారు, అడుగున ఉన్న మూడు జట్లకీ అవకాశం ఒకటే, 16.5 శాతం. పెద్ద ఊళ్ళ జట్లు వరసగా రెండేళ్ళు ఆ లాటరీలో ఉండకూడదు. అందువల్ల 121 ఓడిన వైట్ సాక్స్‌కి 2025 డ్రాఫ్ట్‌లో దొరికింది పదో వంతు. ఓటమీ వాళ్ళదే, దానికిచ్చే ఓదార్పూ దక్కలేదు.

నా మటుకు నేను కిందికి దింపే పద్ధతే మేలంటాను. అప్పుడు యజమానికి కూడా నిద్ర పట్టదు. 1899లో క్లీవ్‌లండ్ స్పైడర్స్ అనే జట్టుండేది. దాని యజమానులే సెయింట్ లూయిస్ జట్టుని కూడా కొని, గొప్ప పిచర్ సై యంగ్‌తో సహా మంచివాళ్ళనందరినీ అటు పంపేశారు. మిగిలినవాళ్ళు 20 గెలిచి 134 ఓడారు. సొంత ఊళ్ళో చూడడానికి మనిషి రాకపోతే మిగిలిన మ్యాచ్‌లు చాలావరకు పరాయి ఊళ్ళకి మార్చారు, చివరి 41 మ్యాచ్‌ల్లో 40 ఓడారు. మరుసటేటికి ఆ జట్టే లేదు. ఆ ఆటగాళ్ళు రైళ్ళలో ఊరూరూ తిరుగుతూ నెలల తరబడి ఓడుతూ ఏం మాట్లాడుకునేవాళ్ళో అని ఒక్కోసారి అనుకుంటాను.

*

ప్రశ్న: మాస్టారూ, గుణుపురంలో మాది టెన్నిస్ బంతి క్రికెట్ జట్టు. ఈ ఏడు మూడు టోర్నమెంట్లు ఆడి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. జెర్సీలకి డబ్బిచ్చిన ఆయన ఇక ఇవ్వనన్నాడు. మా కెప్టెన్ టెన్షన్ పడి ఫోన్ ఎత్తడం లేదు. జట్టు ఎత్తేద్దామా?
(ఒక వికెట్ కీపర్, గుణుపురం)

జవాబు: ఎత్తేయకండి తమ్ముడూ. జెర్సీలు లేకపోతే బనీన్లతో ఆడండి. కెప్టెన్ ఇంటికి ఫోన్ చేయకుండా నువ్వే వెళ్ళు, వెళ్ళి మ్యాచ్ సంగతి ఎత్తకు. వాడింట్లో ఏ పనుంటే ఆ పనికి ఓ చెయ్యి వేసి రా. ఇద్దరు ముగ్గురు వరసగా నాలుగు రోజులు అలా వెళ్ళండి.

ఇంకోటి, ఓడిన మ్యాచ్‌ల స్కోరు పుస్తకం ఉందా? ఉంటే జాగ్రత్త పెట్టు. మీ బౌలర్లు ఏ ఓవర్లలో ఎక్కువ ఇస్తున్నారో అందులోనే ఉంటుంది. లేకపోతే అదొక్కటి కొను, నలభై రూపాయల పుస్తకం చాలు. సంక్రాంతికి మీ ఊళ్ళో టోర్నమెంటు ఉంటే రాయి, బరంపురం నుంచి గుణుపురం పెద్ద దూరమేం కాదు. నేనొచ్చి స్కోరు రాస్తాను.